రెసిస్టివిటీ సర్వే రిపోర్టును ఎంతవరకు నమ్మి బోరు వేయవచ్చు?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా పెడతాను, చదివే మిగతావాళ్లకూ అర్థమవుతుంది. గ్రానైట్ లాంటి గట్టి రాయి ఉన్న చోట మీకు మూడు బోర్లు వరుసగా ఫెయిలయ్యాయి. ఆ తర్వాత ఒకే పాయింట్‌లో రెసిస్టివిటీ సర్వే చేయించారు, అంటే నేల కరెంట్‌ను ఎంత అడ్డుకుంటుందో ఓం-మీటర్లలో కొలిచే సర్వే. కేబుల్‌ను చివరి నుంచి చివరికి 200 మీటర్లు చాచారు. రిపోర్టులో పైన 8 మీటర్ల దాకా 200 ఓం-మీటర్లు, అక్కడి నుంచి 18 మీటర్ల దాకా 25, దాని కింద 2,000 పైన అని ఉంది. చివర్లో "నీటి పొరలు 18 మీటర్ల దగ్గర, 110 మీటర్ల దగ్గర" అని తేల్చారు. దీన్ని నమ్మి 120 మీటర్ల బోరు వేయించవచ్చా అని అడిగారు.

18 మీటర్ల మాటకు మీ రీడింగుల్లో ఆధారం ఉంది. 110 మీటర్ల మాటకు లేదు. అది అబద్ధమని నేను అనడం లేదు, అక్కడ నిజంగానే నీళ్లు ఉండొచ్చు. కానీ ఈ సర్వే చెప్పగలిగిన విషయం కాదది. ఎందుకు కాదో వివరంగా రాస్తాను, ఎందుకంటే నీళ్లు లేని ప్రాంతాల్లో జనం అప్పు చేసి మరీ బోర్లు వేస్తారు. ఆ డబ్బు ఒక కాగితం మీది అంకెను నమ్మి నేలపాలు కావడం చాలాసార్లు చూశాను.

ముందుగా తెలుసుకోవాల్సింది, ఈ పరికరం నీటిని చూడదు. నేలలో పాతిన రెండు కడ్డీల ద్వారా కరెంట్ పంపి, వాటి మధ్యలో పాతిన మరో రెండు కడ్డీల మధ్య ఎంత వోల్టేజీ వచ్చిందో కొలుస్తుంది, అంతే. బయటి రెండు కడ్డీలను ఏ, బీ అంటారు, లోపలి రెండిటిని ఎం, ఎన్ అంటారు. వోల్టేజీని కరెంట్‌తో భాగించి, కడ్డీల దూరాలను బట్టి వచ్చే గుణకంతో గుణిస్తే ఓం-మీటర్లలో ఒక అంకె వస్తుంది. దాన్ని అపరెంట్ రెసిస్టివిటీ అంటారు. అది ఏ ఒక్క పొరకూ చెందిన అంకె కాదు. కరెంట్ పారిన మేరలో ఉన్న పొరలన్నీ కలిసి ఇచ్చిన అంకె. కరెంట్‌కు రెండు, వోల్టేజీకి రెండు అని కడ్డీలను వేరుగా పెట్టడానికి కారణం ఉంది. కడ్డీ మట్టిని తాకే చోట ఉండే అడ్డు ఒక్కోసారి నేల లోపలి అడ్డు కంటే చాలా ఎక్కువ. వోల్టేజీ కడ్డీల గుండా కరెంట్ దాదాపు పారదు కాబట్టి ఆ అడ్డు లెక్కలోకి రాదు. కాన్రాడ్ ష్లుంబెర్జే 1912లో ఫ్రాన్స్‌లోని నార్మండీలో నేలకు కరెంట్ ఇచ్చి మొదటి మ్యాపులు గీసింది ఖనిజాల కోసం. అమెరికాలో ఫ్రాంక్ వెన్నర్ 1915లో నాలుగు కడ్డీలను సమాన దూరంలో పెట్టే పద్ధతిని ప్రచురించారు. ఇప్పటికీ నీటి సర్వేల్లో ఎక్కువగా వినిపించేవి ఈ ఇద్దరి పేర్లే.

మరి ఆ అంకెకు, నీటికి సంబంధం ఏమిటి? రాతిలో ఉండే ఖనిజాలు చాలావరకు కరెంట్‌ను పారనివ్వవు. కరెంట్ పారేది రాతి సందుల్లో ఉన్న నీటి గుండా, బంకమట్టి రేణువుల పైపొర గుండా. నీరు, దానిలో కరిగిన లవణాలు, బంక, ఈ మూడూ అంకెను తగ్గిస్తాయి. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. అమెరికన్ పెట్రోలియం ఇంజనీర్ ఆర్చీ 1942లో ఇచ్చిన సూత్రం ప్రకారం బంక లేని ఇసుకలో రెసిస్టివిటీ, అందులోని నీటి రెసిస్టివిటీకి కొన్ని రెట్లు ఉంటుంది. ఆ రెట్లు ఎన్ని అన్నది ఖాళీల శాతాన్ని బట్టి ఉంటుంది. ఒక లెక్క చూడండి. వదులు ఇసుకలో ఖాళీలు 25 శాతం ఉంటే ఆ గుణకం దాదాపు 8 వస్తుంది. నీటి విద్యుత్ వాహకత సెంటీమీటరుకు 500 మైక్రోసీమెన్స్ అయితే, అంటే మంచినీళ్లయితే, ఆ నీటి రెసిస్టివిటీ 20 ఓం-మీటర్లు, ఇసుక పొరది 160. అదే ఇసుకలో 10,000 మైక్రోసీమెన్స్ ఉప్పునీళ్లుంటే పొర అంకె 8కి పడిపోతుంది. నీళ్లు చుక్క కూడా వదలని బంకమట్టి అంకె కూడా 8 ఉండొచ్చు. కాబట్టి "అంకె తక్కువ, అంటే నీళ్లు ఎక్కువ" అని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. మంచి మంచినీటి పొర అంకె తరచుగా మధ్యస్థంగా ఉంటుంది, మరీ తక్కువ ఉండదు.

గట్టి రాయి ప్రాంతాల్లో సాధారణంగా నేను చూసే క్రమం ఇలా ఉంటుంది. బంక ఎక్కువున్న శిథిల పొర (రాయి కుళ్లి మెత్తబడిన పొర) 20 లోపు, గరుకుగా ఉన్న మొరం, శిథిల రాయి 20 నుంచి 100 మధ్య, పగుళ్లున్న రాయి వంద నుంచి కొన్ని వందల దాకా, పగుళ్లు లేని రాయి వెయ్యి నుంచి పైకి ఎన్ని వేలైనా. ఈ హద్దులు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకు వస్తాయి. ఒక లోయలో 40 అంటే మంచి మొరం కావచ్చు, పక్క లోయలో అదే 40 బంక కలిసిన మట్టి కావచ్చు. పుస్తకంలోని పట్టిక చూసి పొర పేరు రాసేస్తే అది సర్వే అనిపించుకోదు. ఆ ప్రాంతంలో ఇప్పటికే ఉన్న ఒక బోరు పక్కన, లోపల ఏముందో తెలిసిన చోట ఒక రీడింగు తీసి, దాంతో పోల్చి మిగతావి చదవాలి. సర్వే చేసేవారిని ఒకే ఒక్క ప్రశ్న అడగాలంటే నేను ఇదే అడుగుతాను: "తెలిసిన బోరు పక్కన ఒక సౌండింగ్ తీశారా?" ఒకే పాయింట్‌లో లోతు వారీగా తీసే రీడింగులను సౌండింగ్ అంటారు.

ఇప్పుడు లోతు సంగతి. బయటి కడ్డీలను దూరం జరిపే కొద్దీ కరెంట్ లోతుకు దిగుతుంది. అందుకే ష్లుంబెర్జే పద్ధతిలో లోపలి కడ్డీలను దాదాపు ఒకే చోట ఉంచి, ఏ, బీలను విడత విడతగా దూరం జరుపుతారు. ప్రతి విడతలో వచ్చిన అంకెను ఏబీలో, అంటే ఏ, బీల మధ్య దూరంలో, సగానికి ఎదురుగా లాగ్-లాగ్ కాగితం (ప్రతి పదింతలకూ సమాన దూరం ఉండే గళ్ల కాగితం) మీద గుర్తిస్తారు. ఆ పాయింట్లను కలిపిన గీతే కర్వ్. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, ఏబీలో సగం ఎంతుంటే లోతు అంత అనుకోవడం. అది నిజం కాదు. ఏ లోతు నుంచి ఎంత ప్రభావం వస్తుందో భూభౌతిక శాస్త్రవేత్తలు రాయ్, అప్పారావు 1971లోనే లెక్కగట్టి చూపించారు. ష్లుంబెర్జే పద్ధతిలో ప్రభావం అన్నిటికంటే ఎక్కువగా వచ్చే లోతు మొత్తం ఏబీలో ఎనిమిదో వంతు మాత్రమే. తర్వాత వచ్చిన లెక్కల్లో, పైన సగం, కింద సగం ప్రభావం పంచే లోతును కొలతగా తీసుకుంటే అది ఏబీలో సుమారు అయిదో వంతు. మీ ఏబీ 200 మీటర్లు. అంటే మీ చివరి రీడింగుకు కూడా సగం సమాచారం 40 మీటర్ల పైనుంచే వస్తోంది. పైన ఉన్న పొర తక్కువ అంకెది అయితే కరెంట్ అందులోనే ఎక్కువ పారుతుంది, లోతుకు ఇంకా తక్కువ దిగుతుంది. మీ దగ్గర సరిగ్గా అలాంటి 25 ఓం-మీటర్ల పొరే ఉంది.

పోనీ, కేబుల్ ఎంత కావాలంటే అంత పొడవు చాచామనుకుందాం. అప్పుడైనా 110 మీటర్ల దగ్గరి పగులు కనిపిస్తుందా? అంకెలు వేసి చూద్దాం. తక్కువ అంకె పొర ఒకటి గట్టి రాయి పైన ఉన్నప్పుడు, కర్వ్ చివర పైకి లేచే భాగాన్ని నిర్ణయించేది ప్రతి పొర మందాన్ని దాని రెసిస్టివిటీతో భాగించి కూడిన మొత్తం. మీ రిపోర్టు ప్రకారం పై పొరది 8 బై 200, అంటే 0.04. రెండో పొరది 10 బై 25, అంటే 0.4. మొత్తం 0.44. ఇప్పుడు 110 మీటర్ల దగ్గర ఒక మీటరు మందం పగులు, నిండా నీళ్లతో, 20 ఓం-మీటర్లతో ఉందనుకోండి. దాని వాటా 1 బై 20, అంటే 0.05. మొత్తానికి పదో వంతు కాస్త అటూ ఇటూ కలుస్తుంది. ఆ మార్పు కూడా ఏబీ మీ 200 మీటర్ల కంటే చాలా పెద్దదైనప్పుడు, ఆ పగులు నలుదిక్కులా వందల మీటర్లు పరుచుకుని ఉంటేనే కనిపిస్తుంది. నిజం పగుళ్లు అంత విస్తారంగా ఉండవు, మీటరు మందం ఉండడమూ అరుదే. బోరుకు ప్రాణం పోసే పగుళ్లు తరచు కొన్ని సెంటీమీటర్ల మందమే ఉంటాయి. కొలతలో మామూలుగా వచ్చే తేడాలే అంత ప్రభావాన్ని మింగేస్తాయి. పైనుంచి ఒక్క పాయింట్‌లో తీసిన సౌండింగ్‌తో లోతైన సన్నని పగులు లోతును మీటర్లలో చెప్పడం సాధ్యం కాదని నేను గట్టిగా చెబుతాను. చెప్పినవాళ్లు అనుభవంతో ఊహించి చెబుతున్నారు. ఆ ఊహ విలువ వేరు, దాన్ని సర్వే ఫలితం అనకూడదు.

రీడింగుల పట్టికలో ఒక చోట అంకె కాస్త తగ్గి మళ్లీ పెరిగితే, ఆ చోటి ఏబీ సగం దూరాన్నే లోతుగా తీసుకుని "ఇక్కడ పగులుంది" అని రాసే అలవాటు చాలామందిలో ఉంది. పొరలు అడ్డంగా పరుచుకున్న నేలలో కర్వ్ నునుపుగానే సాగాలి. ఒక్క పాయింట్ కిందికి జారితే, కారణం సాధారణంగా కడ్డీ సరిగ్గా దిగకపోవడం, ఆ కడ్డీ పక్కనే ఏదో గుంటో బండో ఉండడం, లేదా ఎంఎన్ దూరం మార్చడం. అదే దూరంలో కడ్డీని పక్కకు జరిపి మళ్లీ కొలిచి చూడాలి. మళ్లీ కొలవకుండా పగులు అని రాయడం ఆ రైతు డబ్బుతో ఆడుకోవడమే.

మీ 18 మీటర్ల అంకెకు ఆధారం ఉందన్నాను, కానీ దాన్నీ గీత గీసినట్టు తీసుకోకండి. సన్నని తక్కువ అంకె పొర రెండు ఎక్కువ అంకె పొరల మధ్య ఇరుక్కుంటే, ఇందాక చెప్పిన మందం, రెసిస్టివిటీల నిష్పత్తి మాత్రమే కర్వ్‌లో స్థిరంగా కనిపిస్తుంది. 10 మీటర్ల మందం, 25 ఓం-మీటర్లు అన్నా, 8 మీటర్లు, 20 అన్నా, 12 మీటర్లు, 30 అన్నా దాదాపు ఒకే కర్వ్ వస్తుంది. కంప్యూటర్ వాటిలో ఏదో ఒకటి ఇస్తుంది, మిగతావి చెప్పదు. లోతు 16కీ 20కీ మధ్య మారడం పెద్ద నష్టం కాదు. అసలు తేడా పొర స్వభావంలో ఉంది. 20 అయితే బంక ఎక్కువని అనుమానించాలి, 30 అయితే గరుకు మొరం అని ఆశ పెట్టుకోవచ్చు. బంకైతే నీళ్లు పట్టుకుని ఉంటుంది కానీ బోరుకు వదలదు. ఈ సందేహాన్ని తీర్చేది ఇంకో సాఫ్ట్‌వేర్ కాదు, మీ ఫెయిలైన బోర్లే.

ఆ మూడు బోర్లనూ వృథా అనుకోకండి. మీ దగ్గరున్న అన్నిటికంటే విలువైన సమాచారం అదే. ఒక్కో బోరులో కేసింగ్ పైపు ఎంత లోతు దించారో రిగ్ వాళ్ల బిల్లులో ఉంటుంది. దాదాపు అంత లోతు వరకు వదులు పొర ఉన్నట్టు లెక్క. అది 16, 20 మీటర్ల మధ్య ఉంటే మీ సర్వే ఆ మేరకు సరిగ్గా ఉంది. పైకి వచ్చిన మట్టి జిగురుగా ముద్దలుగా వచ్చిందా, ఇసుకలా గరుకుగా వచ్చిందా? ఎక్కడైనా దుమ్ము తడిగా మారిందా? గట్టి రాయి మొదలయ్యాక ఎక్కడైనా రిగ్ వేగం హఠాత్తుగా పెరిగిందా, ముక్కల మీద తుప్పు రంగు కనిపించిందా? తుప్పు రంగు ఉంటే ఆ పగులులో ఎప్పుడో నీళ్లు పారాయని అర్థం. వీటిని గుర్తున్నంతవరకు ఈరోజే రాసి పెట్టుకోండి.

ఇంకా ముఖ్యమైన కొలత చుట్టుపక్కల బావులు, బోర్లలో ఇప్పుడు నీటి మట్టం. మీ శిథిల పొర 18 మీటర్లకు అయిపోతే, వేసవిలో నీటి మట్టం 20 మీటర్లకు పడిపోతుంటే, ఆ పొర వేసవిలో ఎండిపోయి ఉంటుంది. 25 అన్న అంకె అప్పుడు నీటి వల్ల వచ్చింది కాదు, బంక వల్లో మిగిలిన తేమ వల్లో వచ్చింది. మట్టం 9, 10 మీటర్ల దగ్గర నిలకడగా ఉంటే కథ మారిపోతుంది. అప్పుడు మీకు నీళ్లిచ్చేది బహుశా ఆ 10 మీటర్ల పొరే. అలాంటప్పుడు 120 మీటర్ల బోరు వేసి, 20 మీటర్ల దాకా రంధ్రాలు లేని కేసింగ్ దించితే జరిగేదేమిటి? నీళ్లున్న ఒకే ఒక్క పొరను పైపుతో మూసేసి, నీళ్లు లేని రాయిలో వంద మీటర్లు తవ్వినట్టవుతుంది. మీ మూడు బోర్లలో ఒకటైనా ఇలా పోయి ఉండొచ్చని నా అనుమానం. శిథిల పొరే ఆధారమైన చోట వెడల్పాటి తవ్వుడు బావి, లేదంటే ఆ పొరకు ఎదురుగా గులకరాళ్లు పోసి ఫిల్టర్ పైపు దించిన బోరు మేలు. అలాంటప్పుడు పైన కొన్ని మీటర్లు సిమెంటుతో మూయించాలి, లేకపోతే పైనుంచి మురుగు దిగుతుంది.

సర్వే నాణ్యతను మీరే కొంతవరకు పరీక్షించవచ్చు. గణితం పెద్దగా అక్కర్లేదు. రిపోర్టుతో పాటు అసలు రీడింగుల పట్టిక అడగండి: ప్రతి విడతకూ ఏబీ సగం, ఎంఎన్, కరెంట్, వోల్టేజీ, అపరెంట్ రెసిస్టివిటీ. అది ఇవ్వనివాళ్ల దగ్గర సర్వే చేయించొద్దు. పొరలు అడ్డంగా ఉన్న నేలలో కర్వ్ పైకి లేచేటప్పుడు 45 డిగ్రీల కంటే నిటారుగా లేవడం భౌతికంగా కుదరదు. మామూలు మాటల్లో, ఏబీ సగం రెండింతలైతే అంకె రెండింతల కంటే పెరగకూడదు. 50 మీటర్ల దగ్గర 110 ఉంటే 100 మీటర్ల దగ్గర 220 దాటకూడదు. దాటిందంటే కొలత తప్పు, లేదా నేల పక్కకు మారిపోతోంది. రెండిట్లో ఏదైనా సరే, పొరల లెక్క అక్కడ చెల్లదు. ఎంఎన్ దూరం పెంచినప్పుడు పాత ఎంఎన్‌తోనూ కొత్త ఎంఎన్‌తోనూ ఒకటి రెండు విడతలు కొలిచారా అన్నదీ చూడండి. ఆ జంట రీడింగులు లేకపోతే కర్వ్ తెగిన చోట ఎలా అతికించారో ఎవరికీ తెలియదు.

పొలంలో కొలత ఎంత సున్నితమైనదో ఒక లెక్కతో చెబుతాను. ఏబీ సగం 200 మీటర్లు, ఎంఎన్ 10 మీటర్లు, నేల 200 ఓం-మీటర్లు, పంపిన కరెంట్ 50 మిల్లీఆంపియర్లు అయితే లోపలి కడ్డీల మధ్య వచ్చే వోల్టేజీ 0.8 మిల్లీవోల్ట్ మాత్రమే. నేలలో సహజంగానే ఉండే వోల్టేజీ అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. అందుకే కరెంట్ దిశను తిప్పి తిప్పి పంపి సగటు తీయాలి. ఒకే రీడింగును రెండు మూడు సార్లు తీసినప్పుడు అంకె మారిపోతుంటే ఆ రీడింగును వదిలేయాలి. ఎండిన నేలలో బయటి కడ్డీల చుట్టూ ఉప్పునీళ్లు పోసి బాగా లోతుగా దించాలి, లేకపోతే కరెంటే పారదు. కరెంట్ తీగల కింద, ఇనుప కంచెల పక్కన, భూమిలో పాతిన పైపుల వెంబడి తీసిన రీడింగులు పనికిరావు. కడ్డీలకు వందల వోల్టులు ఇస్తారు కాబట్టి కొలిచేంతసేపూ చివరి కడ్డీల దగ్గర ఒక్కో మనిషి కాపలా ఉండాలి, పిల్లలూ పశువులూ దగ్గరికి రాకుండా చూడాలి.

మీకు ఇప్పుడు కావాల్సింది లోతు కాదు, చోటు. గట్టి రాయిలో నీళ్లు అంతటా ఉండవు. శిథిల పొర మందంగా ఉన్న చోట, దాని కింద రాయి పగిలి ఉన్న చోట ఉంటాయి. ఆ చోట్లు వెతకడానికి ఒకే పాయింట్ సౌండింగ్ సరిపోదు. కడ్డీల మధ్య దూరం మార్చకుండా మొత్తం అమరికను ఒక గీత వెంట జరుపుతూ కొలవాలి, దాన్ని ప్రొఫైలింగ్ అంటారు. ఎక్కడ అంకె రెండు మూడు వరుస పాయింట్లలో స్పష్టంగా పడిపోయిందో అక్కడ నిలువు పగులు మండలం ఉండే అవకాశం ఉంది. గీతను ఎటు వేయాలో ఉపగ్రహ చిత్రం చూసి తేల్చుకోవాలి. వాగు తిన్నగా పోతూ హఠాత్తుగా మలుపు తిరిగిన చోటు, ఎండాకాలంలో కూడా పచ్చని చెట్లు ఒకే వరుసలో ఉన్న చోటు, గుట్టల మధ్య తిన్నగా సాగే పల్లం, ఇవి లోపలి పగుళ్లకు ఆనవాళ్లు. ప్రొఫైల్ గీత వాటికి అడ్డంగా వెళ్లాలి. వాటి వెంబడే వెళితే ఏమీ తెలియదు.

వీలైతే ఈఆర్‌టీ (ఎలక్ట్రికల్ రెసిస్టివిటీ టోమోగ్రఫీ) చేయించండి. 48 కడ్డీలను అయిదేసి మీటర్ల దూరంలో పాతితే 235 మీటర్ల గీత వస్తుంది. యంత్రమే నాలుగేసి కడ్డీలను మార్చుకుంటూ వందల రీడింగులు తీసి, నేలను నిలువుగా కోసినట్టు రంగుల చిత్రం ఇస్తుంది. వెన్నర్ అమరికలో ఆ గీత మధ్యలో 40 మీటర్ల లోతు వరకు, అంచుల్లో అంతకంటే చాలా తక్కువ వరకు తెలుస్తుంది. శిథిల పొర ఎక్కడ గిన్నెలా లోతుగా దిగిందో దీనిలో బాగా కనిపిస్తుంది. అయితే ఆ రంగుల విషయంలో జాగ్రత్త. నీలం అంటే నీళ్లని చాలామంది అనుకుంటారు. నీలం అంటే తక్కువ అంకె అని మాత్రమే, అది బంక కావచ్చు, ఉప్పునీళ్లు కావచ్చు. రంగుల కొలబద్దను సర్వే చేసేవారే ఎంచుకుంటారు. అదే డేటాను ఇంకో కొలబద్దతో గీస్తే నీలం మాయమైపోతుంది. చిత్రం చూసే ముందు పక్కనున్న అంకెల పట్టీ చూడండి. చిత్రం అడుగున, చివర్లలో కనిపించే ఆకారాలను సాఫ్ట్‌వేర్ ఊహించి నింపి ఉండొచ్చు. వాటి మీద బోరు పెట్టకండి.

ఇక్కడ ఇంకో మాట. నల్లరాతి డైకులు గోడల్లా భూమిలో నిలువుగా ఉంటాయి. భూగర్భ జలం పారే దారికి అవి అడ్డంగా ఉంటే ఎగువ పక్క నీళ్లు ఆగుతాయి, దిగువ పక్క బోర్లు ఎండుతాయి. కొన్ని పదుల మీటర్ల తేడాతో ఒక బోరు పారడం, ఒకటి ఫెయిలవడం వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. ప్రొఫైల్‌లో డైకు తరచుగా ఎక్కువ అంకెతో కనిపిస్తుంది, మ్యాగ్నెటిక్ సర్వేలో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. బసాల్ట్ ప్రాంతాల్లో లావా పొరల మధ్య ఎర్రటి బంక పొరలు తక్కువ అంకెతో మోసం చేస్తాయి. సున్నపురాయిలో నీళ్లున్న గుహ అంకెను తగ్గిస్తే, గాలి ఉన్న గుహ పెంచుతుంది. తీర ప్రాంతాల్లో, ఒండ్రు మట్టిలో మాత్రం ఈ పద్ధతి నాకు తెలిసి అన్నిటికంటే బాగా పని చేస్తుంది. ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య హద్దును చవకగా చూపిస్తుంది.

మార్కెట్లో దొరికే ఇతర పరికరాల గురించి కూడా అడిగారు. చేత్తో పట్టుకుని తిరిగితే దూరాన ఉన్న నీటిని చూపిస్తాయనే యాంటెన్నా పరికరాలకు భౌతిక శాస్త్రంలో ఆధారం లేదు, డబ్బు పెట్టకండి. రెండు కడ్డీలు పాతి కరెంట్ పంపకుండానే వందల మీటర్ల చిత్రం ఇచ్చే పరికరాలు ఉన్నాయి. అవి నేలలో సహజంగా ఉండే విద్యుత్ సంకేతాలను వేర్వేరు పౌనఃపున్యాల్లో కొలుస్తాయి. పక్కపక్క పాయింట్ల మధ్య తేడా చూడడానికి అవి కొంత ఉపయోగపడవచ్చు, కానీ వాటి తెర మీద కనిపించే లోతు అంకె పౌనఃపున్యం నుంచి అంచనాగా మార్చింది, కొలిచింది కాదు. నిజంగా నీటిలోని హైడ్రోజన్‌నే గుర్తించే పద్ధతి ఒకటుంది, మ్యాగ్నెటిక్ రెజొనెన్స్ సౌండింగ్ అంటారు. గట్టి రాయి పగుళ్లలో నీటి శాతం చాలా తక్కువ కాబట్టి, కరెంట్ తీగల దగ్గర అలజడి ఎక్కువ కాబట్టి, మీలాంటి చోట దానికీ పరిమితులున్నాయి.

"ఆయన చూపించిన పది పాయింట్లలో ఎనిమిదింట్లో నీళ్లు పడ్డాయి" అన్న మాటను కూడా తూచి వినండి. ఆ ప్రాంతంలో ఎవరూ చూడకుండా వేసిన బోర్లలో ఎన్ని పారాయి? అక్కడా పదికి ఎనిమిది పారి ఉంటే ఆ పాయింట్లు చూపించడంలో కొత్త విద్య ఏదీ లేదు. పదికి రెండే పారే చోట అయిదు పారేలా చూపిస్తే అది నిజంగా గొప్ప పని. మంచి సర్వే విలువ నా దృష్టిలో ఎక్కువగా వద్దు అని చెప్పడంలో ఉంది: ఈ పొలంలో శిథిల పొర ఎక్కడా నాలుగు మీటర్లు మించలేదు, ఇక్కడ వేయొద్దు అని. లేదా 70 మీటర్లు దాటాక రాయి ముక్కలో మార్పు లేకపోతే ఆపేయండి అని. అలా చెప్పే మనిషి దొరికితే వదులుకోకండి.

మీ విషయంలో నేనైతే ఈ వరుసలో వెళ్తాను. ముందు ఖర్చు లేని పనులు: పాత బోర్ల వివరాలు, చుట్టుపక్కల నీటి మట్టాలు, ఉపగ్రహ చిత్రం. తర్వాత ఫెయిలైన బోరు ఒకదాని పక్కన, వీలైతే పారుతున్న బోరు ఒకదాని పక్కన సౌండింగ్. ఆ రెండు కర్వ్‌ల మధ్య తేడా కనిపించకపోతే, మీ నేలలో ఈ పద్ధతి మంచి చోటును చెడ్డ చోటు నుంచి విడదీయలేదని అర్థం, అక్కడితో సర్వే ఆపేయొచ్చు. తేడా ఉంటే ఆనవాళ్లకు అడ్డంగా రెండు మూడు ప్రొఫైళ్లు లేదా ఈఆర్‌టీ గీతలు. వాటిలో తేలిన చోట మాత్రమే, ఏబీని 400 నుంచి 600 మీటర్ల దాకా చాచి, ఒకదానికొకటి అడ్డంగా రెండు దిశల్లో సౌండింగ్. రెండు దిశల్లో అంకెలు బాగా వేరైతే పగుళ్లు ఒక దిక్కున సాగుతున్నాయని ఒక సూచన దొరుకుతుంది. ఇంత చేసినా బోరు పారుతుందన్న హామీ ఉండదు, అవకాశం పెరుగుతుంది. ఎన్ని అంగుళాల నీళ్లు పడతాయో మాత్రం పైనుంచి ఏ సర్వే చెప్పలేదు.

బోరు వేసేటప్పుడు ప్రతి రెండు మూడు మీటర్లకు ముక్కల నమూనా తీసి లోతు రాసి వరుసగా పెట్టించండి. కంప్రెసర్ గాలితో ఎగిసిన నీళ్లను చూసి మోటారు కొనకండి. పగుళ్లలో నిల్వ ఉన్న నీళ్లు మొదటి గంటల్లో బాగా వస్తాయి, తర్వాత తగ్గుతాయి. కనీసం ఒక రోజు ఆపకుండా పంపింగ్ చేసి మట్టం ఎలా పడుతోందో, ఆపాక ఎంతసేపట్లో తిరిగి పైకి వస్తోందో కొలిచి, దాన్ని బట్టి మోటారు సైజు, దించే లోతు తేల్చుకోండి. తాగడానికి వాడేట్టయితే నీటి పరీక్ష తప్పనిసరి. ఉప్పుదనం గురించి రెసిస్టివిటీ కాస్త సూచన ఇస్తుంది కానీ ఫ్లోరైడ్ గురించి ఏమీ చెప్పదు. గ్రానైట్ ప్రాంతాల్లో లోతైన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు.

మీ దగ్గరున్న అసలు రీడింగుల పట్టిక, మూడు బోర్ల కేసింగ్ లోతులు, దగ్గరి బావుల్లో నీటి మట్టాలు ఇక్కడ పెట్టండి. ఆ 25 ఓం-మీటర్ల పొర బంకో మొరమో వాటితో చాలావరకు తేల్చవచ్చు. అప్పటిదాకా రిగ్‌ను పిలవకండి.